ఆరు నెలలు ఇంటికి తాళం వేస్తున్నారా?

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు ఇల్లు మూసేయడం గురించీ, పెట్టెలు సర్దడం గురించీ అడిగిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈ నెల తీసుకున్నాం.

ప్రశ్న: మే రెండో వారంలో బయల్దేరి నవంబరు మొదట్లో తిరిగొస్తాం. మాది సొంత ఇల్లు. పైన ట్యాంకు, కింద సంపు, బోరు ఉన్నాయి. మెయిన్ ఆఫ్ చేసి వెళ్లమని మా తమ్ముడు అంటాడు. అలా చేస్తే ఇన్వర్టర్ బ్యాటరీ పోతుందని ఎలక్ట్రీషియన్ అంటాడు. ఎవరి మాట వినాలి?
- విశ్రాంత ఉద్యోగి, హనుమకొండ

జవాబు: మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది నిజమే. మెయిన్ ఆపి ఇన్వర్టర్‌ని ఆన్‌లో వదిలేస్తే, ఇంట్లో ఏ లైటూ వెలగకపోయినా అది బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తూనే ఉంటుంది. పూర్తిగా ఖాళీ అయిన ట్యూబులర్ బ్యాటరీ నెలల తరబడి అలాగే ఉంటే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిగా పేరుకుపోతుంది. తర్వాత ఎంతసేపు చార్జింగ్ పెట్టినా ఎక్కదు.

దీనికి రెండు దారులున్నాయి. ఇంటిని చూసే మనిషి ఉంటే మిగతా ఎంసీబీలన్నీ దించేసి ఇన్వర్టర్ లైను ఒక్కటే ఆన్‌లో ఉంచండి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పై గుర్తు దాకా పోసి, రెండు నెలలకోసారి చూసి పోయమని చెప్పండి. కుళాయి నీళ్లు మాత్రం వద్దు. చూసేవాళ్లు లేకపోతే బ్యాటరీని నిండా చార్జ్ చేసి, ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, బ్యాటరీ వైర్లు విప్పించండి. ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్. విప్పేసిన బ్యాటరీ కూడా తనంతట తాను కొంత చార్జ్ పోగొట్టుకుంటుంది, ఎండాకాలంలో మరీ త్వరగా. కాబట్టి మధ్యలో ఒకటి రెండుసార్లు ఎవరైనా వచ్చి చార్జ్ పెట్టగలిగితే మేలు. మొదటి పద్ధతే మాకు నచ్చుతుంది.

టీవీ, సెట్‌టాప్ బాక్సు, రూటర్ ప్లగ్గులు పీకేయండి. మీరు లేని నెలలన్నీ పిడుగుల కాలమే. ఫ్రిజ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నడపొద్దు. మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఒక్కసారి ట్రిప్ అయితే లోపలిదంతా కుళ్లిపోతుంది, వాసన ప్లాస్టిక్‌కి పట్టేస్తుంది. రెండు రోజుల ముందే ఖాళీ చేసి, ఐసు కరగనిచ్చి, వంటసోడా నీళ్లతో తుడవండి. తలుపు సందులో చుట్టిన తువ్వాలు పెట్టి తాడుతో కట్టండి, మూసుకుంటే బూజు పడుతుంది. ఫ్రిజ్ వెనక కింద ఒక ట్రే ఉంటుంది, అందులోని నీళ్లు పారబోయడం చాలామంది మరిచిపోతారు. రిమోట్లు, గోడ గడియారాల్లో బ్యాటరీ సెల్స్ కూడా తీసేయండి. అవి కారితే లోపలి రేకులు తుప్పు పట్టిపోతాయి.

ఇక నీళ్లు. దొంగల భయంతో తాళాలు మార్చేవాళ్లే గానీ డాబా మీద నీళ్లు పోయే గొట్టాలు చూసుకునేవాళ్లు తక్కువ. ఆకులూ పిట్టగూళ్లూ అడ్డుపడి గొట్టం మూసుకుంటే జూలై వానలకు డాబా మీద నీళ్లు నిలుస్తాయి. స్లాబ్ నుంచి చెమ్మ దిగి, కింద పెయింటు పొక్కి, నవంబరు నాటికి గోడలు నల్లబడతాయి. బయల్దేరేముందు గొట్టాల మూతులు శుభ్రం చేయించి, బకెట్ నీళ్లు పోసి దిగుతున్నాయో లేదో చూడండి. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఒకరు డాబా ఎక్కి చూడాలి. వెళ్లేముందు ఒక్క పనికే తీరిక ఉంటే ఇదే చేయండి.

ప్లాస్టిక్ ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయకండి, ఈదురుగాలికి దొర్లిపోతుంది. అడుగున అరడుగు, అడుగు నీళ్లుంచి, మూతను కట్టుతీగతో బిగించి, ట్యాంకు కింది వాల్వు మూసేయండి. తర్వాత ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి పైపుల్లో నీళ్లు పోనిచ్చి, మళ్లీ కట్టేయండి. సంపు మూతకు సందు ఉంటే దోమలకు అదే ఇల్లు, కాబట్టి సందులు మూయించండి. బోరు మోటారు స్టార్టర్ ఆటోలో ఉంటే ఆఫ్‌లోకి మార్చండి.

బాత్‌రూముల్లో నహానీ ట్రాప్‌లోనూ (నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచే గిన్నె) కమోడ్‌లోనూ నిలిచి ఉండే నీళ్లే డ్రైనేజీ వాసనకీ బొద్దింకలకీ అడ్డు. ఎండలకు ఆ నీళ్లు ఆవిరైతే మురుగు గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. బయల్దేరే రోజు ప్రతి ట్రాప్‌లోనూ మగ్గు నీళ్లు పోసి, పైన రెండు మూడు చెంచాల వంటనూనె వేయండి. నూనె తెట్టు ఆవిరిని ఆపుతుంది. జాలీ మీద పాలిథిన్ కవరు పరిచి దానిపై ఒక టైల్ ముక్క బరువు పెట్టండి. సింకుకూ వాష్‌బేసిన్‌కూ ఇదే వైద్యం.

గ్యాస్ రెగ్యులేటర్‌ని సిలిండర్ మీంచి తీసేసి, వాల్వుకు వేలాడే ప్లాస్టిక్ మూత బిగించండి. పొయ్యి దగ్గర నాబ్ కట్టేస్తే సరిపోదు.

తాళం చెవి ఎవరికి ఇచ్చినా పదిహేను రోజులకోసారి వచ్చి గంటసేపు కిటికీలు తెరవాలి, ఫ్లష్ నొక్కాలి, ట్రాపుల్లో మగ్గు నీళ్లు పోయాలి, డాబా చూడాలి. ట్యాంకు వాల్వు మూసి ఉంటుంది కాబట్టి ఈ పనులకు రెండు బకెట్ల నీళ్లు మూతపెట్టి ఉంచండి, లేదా వాల్వు ఎక్కడుందో చూపించండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించండి. ఆ మనిషికి నెలకింత అని డబ్బు మాట్లాడుకోండి. మొహమాటం మీద ఒప్పుకున్న పని రెండో నెలకే ఆగిపోతుంది.

ప్రశ్న: పోయినసారి తిరిగొచ్చేసరికి బీరువాలో పట్టుచీరలకు బూజు, పుస్తకాల అరకు చెదలు. ఈసారి ఏం చేయాలి?
- గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: చీరలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి ఉంటారు. లోపల చిక్కుకున్న చెమ్మ బయటికి పోదు, బూజుకి అంతకంటే ఏం కావాలి? ఉతికి ఆరబెట్టిన పాత నూలు చీర ముక్కల్లో చుట్టండి. జరీ మడత మీదే మడత పడకుండా మార్చి మడవండి. ఒకసారి కట్టి విప్పిన చీరను గాలికి ఆరేయకుండా లోపల పెట్టొద్దు. కలరా ఉండలు వేస్తే పల్చటి గుడ్డలో మూటగట్టి అర మూలన ఉంచండి, జరీకి తగలకూడదు. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఎడంగా జరపండి.

చెదలు ఎక్కువగా అట్టపెట్టెల్లోంచే మొదలవుతాయి. నేల మీద గోడకు ఆనించిన అట్టపెట్టె ఒక్కటి కూడా ఉండకూడదు. తలుపు గుమ్మాల వెనక, మెట్ల కింద మట్టి గీతలు కనిపిస్తే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందే మందు కొట్టించండి, చివరి వారంలో ఆ వాసనలో ఉండలేరు. బియ్యం, పప్పులు, రవ్వ ఎవరికైనా ఇచ్చేయడమే. డబ్బాల్లో దాస్తే పురుగు పట్టి, అక్కడినుంచి ఇల్లంతా పాకుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పురుడుకి జూన్ మొదటి వారంలో వెళ్తున్నాం. మే మూడో వారంలో ఆవకాయ కలిపి తీసుకెళ్లాలని ఉంది. బాలింత కారం, కాయం, కొత్త బియ్యం, గోంగూర విత్తనాలు కూడా. ఏవి రానిస్తారు, ఏవి తీసేస్తారు?
- పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు రానివ్వనివి. బియ్యం వద్దు. ఖాప్రా అనే ధాన్యపు పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు తెచ్చే బియ్యాన్ని అమెరికా నిషేధించింది. శనగల్లాంటి ముడి గింజలు కూడా వదిలేయండి. మాంసం ఏ రూపంలో ఉన్నా కుదరదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రమే కాదు, మాంసం పొడి కలిసిన నూడుల్స్ ప్యాకెట్టు కూడా అంతే. రొయ్యల పచ్చడి, చేపల పచ్చడికి సాధారణంగా అభ్యంతరం ఉండదు. పచ్చి కరివేపాకు, నిమ్మకాయలు, మామిడికాయలు, తమలపాకులు తీసి చెత్తబుట్టలో వేస్తారు. కరివేపాకు మీద బతికే పురుగు అక్కడి నారింజ, నిమ్మ తోటల్ని పాడుచేసే తెగుల్ని మోసుకెళ్తుంది, అందుకే అంత పట్టింపు. గోంగూర, సొర విత్తనాలు కొంగున ముడేసుకుని వెళ్లేవాళ్లున్నారు. నాటే విత్తనాలకు అనుమతి పత్రాలు కావాలి, కాబట్టి ఆ ఆశ వదులుకోండి.

విమానమే ఎక్కించుకోనివి కొన్ని. పూజ సామాన్లలో కర్పూరం, అగ్గిపెట్టె తీసేయండి, రెండూ మంటలంటుకునే సరుకు కింద లెక్క. ఎండు కొబ్బరి చిప్పలు కూడా అంతే, నూనె ఎక్కువ కాబట్టి తనంతట తానే వేడెక్కే సరుకుల జాబితాలో ఉంది. దుబాయి, అబుదాబి మీదుగా వెళ్తుంటే మసాలాల్లో గసగసాలు ఒక్క చెంచా కూడా ఉండకూడదు. అక్కడ అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది, జైలు దాకా పోవచ్చు. సింగపూర్ మీదుగా అయినా ఇదే జాగ్రత్త.

బాలింత కారం, శొంఠి, వాము పొడులు పెట్టుకోవచ్చు. కాయం డబ్బా మీద అందులో ఏమేం వేశారో ఇంగ్లిషులో రాసిన చీటీ అంటించండి. వసకొమ్ము మాత్రం వద్దు. అమెరికాలో దాన్ని ఆహారంలో వాడటం 1968 నుంచీ నిషేధం, పసిపిల్లల డాక్టర్లు అసలు ఒప్పుకోరు. కాటుక కూడా అక్కడ నిషేధమే, సీసం ఉంటుందన్న భయంతో. ఉగ్గుగిన్నె నిశ్చింతగా తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆవకాయ. మే మూడో వారంలో కలిపి జూన్ మొదటి వారంలో విమానం ఎక్కించడం తొందర. మూడో రోజు తిరగకలిపాక కూడా ముక్క ఊట దిగుతూనే ఉంటుంది, కొద్దికొద్దిగా గ్యాసు పుడుతుంది. పైకెళ్లాక విమానంలో, సామాన్లుండే అరలో కూడా, గాలి ఒత్తిడి నేల మీద కంటే దాదాపు పావు వంతు తగ్గుతుంది. ప్యాకెట్‌లో మిగిలిన గాలి మూడో వంతు ఉబ్బుతుంది. ఉబ్బిన గాలి నూనెను మూత సందులోంచి బయటికి తోస్తుంది. నెల దాటిన పచ్చడైతే ఈ బెడద తక్కువ. కాబట్టి కాయ దొరికితే ఏప్రిల్ చివర్లోనే కలపండి, లేదా నిరుటి ఆవకాయ పట్టుకెళ్లండి.

ప్యాకింగ్ ఇలా చేయండి. నూనె వీలైనంత వంచేయండి, అక్కడ వేరుశనగ నూనో నువ్వుల నూనో కాచి చల్లార్చి పోసుకోవచ్చు. అరకిలో చొప్పున మందపాటి పౌచ్‌లో వేసి, పై మూడంగుళాలు ఖాళీగా ఉంచి, గాలి నొక్కేసి, రెండు వరసలు వేడి సీలు వేయించండి. పచ్చళ్ల దుకాణాల్లో అడిగితే వేసిస్తారు. సీలు వేసేచోట నూనె మరక ఉంటే అతుక్కోదు, ముందు పొడిగుడ్డతో తుడవండి. దాన్ని ఇంకో జిప్ కవర్లో, తర్వాత పాత తువ్వాల్లో చుట్టి, పెట్టె మధ్యలో బట్టల నడుమ ఇరికించండి. గాజు సీసాలు వద్దు. ఒక రాత్రి పౌచ్ మీద రెండు కిలోల బరువు పెట్టి ఉంచితే కారేది ఏదో ఇంట్లోనే తెలిసిపోతుంది.

పచ్చళ్లు, పొడులు చేతి సంచీలో వద్దు. అమెరికా వెళ్లే విమానాల్లో 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటిన పొడుల్ని 2018 నుంచీ విడిగా తనిఖీ చేస్తున్నారు. కారప్పొడి పొట్లం విప్పి చూపించాల్సిన అవస్థ ఎందుకు?

దిగాక తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్పి చూపిస్తే, రానివ్వనిది తీసేసి మిగతాది ఇచ్చేస్తారు. దాచి దొరికితే జరిమానా వందల డాలర్లలో ఉంటుంది. పచ్చళ్లు, పొడులు, స్వీట్ల పేర్లు, వాటిలో మాంసం లేదన్న మాట ఇంగ్లిషులో రాసిన కాగితం పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ అబుదాబిలోనే అయిపోతుంది, కాగితం అక్కడే కావాలి.

ప్రశ్న: ఒక్కొక్కరికి ఎంత బరువు? పోయినసారి కౌంటర్ దగ్గర పెట్టె విప్పాల్సి వచ్చింది.
- పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎకానమీలో సాధారణంగా మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు, చేతి సంచీ 7 కిలోలు. చౌక టికెట్లలో ఒక్క పెట్టే ఇవ్వొచ్చు, టికెట్ మీద చూసుకోండి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. పెద్ద గట్టి పెట్టె బరువే నాలుగైదు కిలోలు ఉంటుంది, అది మింగేయగా మిగిలేది 18 కిలోలే. కొక్కెం కాటా కొని 22 కిలోల దగ్గర ఆపండి, ఇంటి కాటాకీ విమానాశ్రయం కాటాకీ తేడా వస్తుంది.

భార్యాభర్తల బట్టలు సగం సగం రెండువైపులా కలిపి సర్దండి. ఒక పెట్టె ఆలస్యమైనా ఇద్దరికీ కట్టుకోవడానికి ఉంటాయి. పెట్టె బయటే కాదు, లోపల కూడా పేరు, అమెరికాలో పిల్లల ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. మామూలు తాళం వేస్తే అమెరికాలో తనిఖీకి పగలగొట్టొచ్చు, టీఎస్ఏ (అక్కడి విమానాశ్రయాల భద్రతా సంస్థ) గుర్తున్న తాళం వాడండి. అమెరికాలో లోపలి ఊరికి ఇంకో విమానం మారాలంటే, అబుదాబిలోనే తనిఖీ అయిపోయినవాళ్లు తప్ప మిగతావాళ్లు మొదట దిగిన ఊళ్లోనే పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. పవర్‌బ్యాంకు పెట్టెలో పెట్టొద్దు, చేతి సంచీలోనే. 20,000 ఎంఏహెచ్ దాకా దిగుల్లేదు. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి. దానికి మామూలుగా డబ్బు తీసుకోరు, దారి చూపించే మనిషీ దొరుకుతాడు.

ప్రశ్న: ఇద్దరికీ బీపీ, షుగర్. నేను ఇన్సులిన్ వాడతాను. ఆరు నెలల మందులు ఒకేసారి తీసుకెళ్లనిస్తారా?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: అమెరికా నియమం ప్రకారం సొంత వాడకానికి మామూలుగా 90 రోజుల మందులు. అంతకంటే ఎక్కువ కాలం ఉండేవాళ్లు మిగతావి తర్వాత తెప్పించుకోవచ్చు, ప్యాకెట్‌తో డాక్టరు ఉత్తరం, చీటీ, వీసా, పాస్‌పోర్టు నకళ్లు జతచేయాలి. చాలామంది ఆరు నెలలవీ పట్టుకెళ్తూనే ఉన్నారు, అయితే అధికారి అడిగితే చూపడానికి కాగితం ఉండాలి. డాక్టరు చేత ఇంగ్లిషులో టైపు చేయించి, బ్రాండు పేరు పక్కనే మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ అన్నట్టు అసలు మందు పేరు, రోజుకెన్ని, ఎన్నాళ్లు ఉంటారు అన్నది రాయించండి. బ్రాండు పేరు చెప్తే అక్కడి ఫార్మసీలో అర్థం కాదు. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉండాలి, డబ్బాల్లో పోయకండి. నిమెసులైడ్‌కు అమెరికాలో అనుమతి లేదు. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు గల్ఫ్ దేశాల మీదుగా వెళ్లేవాళ్లకు కేసు తెచ్చిపెడతాయి. మోకాళ్ల నొప్పుల మాత్రల్లో ఏముందో డాక్టర్ని అడిగి మార్పించుకోండి.

ఇన్సులిన్ పెట్టెలో వేయొద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించొచ్చు, కానీ పనిచేయదు. చల్లసంచీలో చేత్తో పట్టుకెళ్లండి, ఐసుకు నేరుగా తగలనివ్వకండి. వాడకంలో ఉన్న పెన్ను చాలా రకాల్లో నాలుగు వారాల దాకా మామూలు గదిలో నిలుస్తుంది, మిగతావి అక్కడ ఫ్రిజ్‌లో. విమానంలో ఏ పూట ఎంత వేసుకోవాలో మీ డాక్టరే రాసివ్వాలి. వేసవిలో అమెరికా తూర్పుతీరం మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు సరిపడా కొనుక్కోండి, మన మీటరుకు సరిపోయేవి అక్కడ దొరక్కపోవచ్చు. పంటి పని ఉంటే ఇక్కడే పూర్తిచేసుకోండి, రెండో కళ్లజోడు తప్పనిసరి.

ప్రశ్న: వీసా పదేళ్లకు ఉంది కదా, తిరుగు టికెట్ ఎప్పటికి తీసుకోవాలి? నవంబరులో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఎలా? బ్యాంకు ఓటీపీలు వస్తాయా?
- పాఠకుడు, విజయనగరం

జవాబు: వీసా తేదీ వేరు, ఉండనిచ్చే గడువు వేరు. దిగినచోట అధికారి ఇచ్చే ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) తేదీయే లెక్క, సందర్శకులకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. టికెట్ దానికి పది పదిహేను రోజుల ముందుకి తీసుకోండి. దిగిన వారంలోపు ఐ-94ను ఇంటర్నెట్‌లో పిల్లల చేత చూపించుకుని ఆ తేదీ రాసుకోండి.

కేంద్ర పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, 80 ఏళ్లు దాటినవాళ్లకు అక్టోబరు నుంచే అవకాశం. ఈపీఎఫ్ పెన్షనర్లకు ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది కాబట్టి బయల్దేరేముందు ఇచ్చేస్తే సరి. అక్కడే ఉండిపోతే భారత కాన్సులేట్‌లో సంతకం చేయించి బ్యాంకుకు పంపొచ్చు.

ఓటీపీ రావాలంటే సిమ్ బతికి ఉండాలి. ఏడాది ప్లాన్ రీచార్జ్ చేసి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడుండగానే ఆన్ చేయించండి. అక్కడ మొబైల్ డేటా ఆపేసి, మన నంబరుకు వచ్చే కాల్స్ ఎత్తకండి, బిల్లు మోగుతుంది. ఎస్సెమ్మెస్ రావడానికి మామూలుగా డబ్బు పడదు. కరెంటు బిల్లు ఆటోపేలో పెట్టండి. ఇల్లు ఖాళీగా ఉన్నా కనీస చార్జీ వస్తుంది, కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారు. అప్పుడు ఇన్వర్టర్ కోసం వదిలిన లైను కూడా పోయినట్టే.

ప్రశ్న: కారు, స్కూటర్ అలాగే వదిలేయొచ్చా?
- పాఠకురాలు, కర్నూలు

జవాబు: బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పించండి. టైర్లలో గాలి ఐదు పాయింట్లు ఎక్కువ పట్టించండి. హ్యాండ్‌బ్రేక్ వేసి ఆరు నెలలు వదిలితే పట్టేసుకుంటుంది, గేర్‌లో ఉంచి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ట్యాంకు నింపితే లోపల చెమ్మ తక్కువ పడుతుంది. సీట్ల కింద బిస్కెట్ ముక్క కూడా మిగలకూడదు, ఎలుకలు వాటికోసం వచ్చి వైర్లు కొరికేస్తాయి. స్కూటర్‌కి సెంటర్ స్టాండు వేయండి. ఇన్సూరెన్స్ మధ్యలో ముగుస్తుంటే ఇప్పుడే రెన్యూవల్ చేసుకోండి. గడువు దాటి 90 రోజులైతే అప్పటిదాకా వచ్చిన నో-క్లెయిమ్ బోనస్ పోతుంది.